రోహిణి కార్తెలో పరిచిన చెక్క నేల

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో ఉడెన్ ఫ్లోరింగు మీద ఒక వ్యాసం వచ్చింది. పాత టైల్స్ పగలగొట్టే పని లేదు, ఇసుకా సిమెంటూ అక్కర్లేదు, పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి చెక్క నేల మీద నడవొచ్చు అని దాని సారాంశం. అబద్ధమేమీ కాదు. మా బిడ్డ ఇంట్లో పొద్దున పదింటికి డబ్బాలు దిగాయి, సాయంత్రం ఐదుకు పనైపోయింది. ఆ నేల మీద నిమ్మళంగా నడవడానికి మాత్రం ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల ముచ్చట మీ వ్యాసంలో లేదు కాబట్టి ఈ ఉత్తరం.

నా గురించి ఒక్క మాట. ఉండేది వరంగల్‌లో. ప్రభుత్వ ఐటీఐలో కార్పెంటర్ ట్రేడు పిల్లలకు 31 ఏళ్లు పాఠం చెప్పి రిటైరయ్యాను. మా నాయన ఎడ్ల బండ్లు చేసేవాడు. ఇదంతా గొప్పకు చెప్పుకోవడం లేదు. ఈ కథలో అందరికంటే పెద్ద తప్పు చేసినవాణ్ని నేనే. ఆ తప్పు ఎంత పెద్దదో తెలియాలంటే చేసింది ఎవరో తెలియాలి కదా.

బిడ్డ వాళ్లది హైదరాబాద్ శివార్లలో మూడో అంతస్తు ఫ్లాటు. నేల విట్రిఫైడ్ టైల్స్. మా వియ్యపురాలికి మోకాళ్ల నొప్పులు. చలికాలం పొద్దున్నే టైల్స్ మీద కాలు పెడితే జివ్వుమని లాగుతున్నాయని రెండేళ్లుగా అంటున్నది. అందుకని హాలుకు, రెండు పడకగదులకు కలిపి 8 మిల్లీమీటర్ల ల్యామినేట్ పలకలు వేయించారు. ఫోము, కూలి కలిపి చదరపు అడుగుకు 130 రూపాయలు.

పైకి టేకులా కనిపిస్తుంది గానీ అది టేకు కాదు. కలప నారను జిగురుతో కలిపి వేడి మీద గట్టిగా నొక్కిన పలక అది. హెచ్‌డీఎఫ్ అంటారు. దాని మీద టేకు బొమ్మ అచ్చువేసిన కాగితం, ఆ పైన అరగకుండా గాజులాంటి పొర. 1977లో స్వీడన్‌లో పుట్టిన సరుకు. పలకకు ఒక అంచున నాలుక, ఇంకో అంచున గాడి ఉంటాయి. ఏటవాలుగా దూర్చి కిందికి దించితే టక్కుమని పట్టుకుంటుంది. కింద 2 మిల్లీమీటర్ల ఫోము పరుస్తారు. నేలకు మేకు కొట్టరు, జిగురు పూయరు. గదంతా ఒకే చాపలాగ పడి ఉంటుంది, అంతే. ఫ్లోటింగ్ ఫ్లోర్ అనే పేరు అందుకే వచ్చింది. మన మాటలో తేలే నేల.

పరిచింది మే నెలాఖరున, రోహిణి కార్తెలో. రోహిణిలో రోళ్లు పగులుతాయని సామెత. డబ్బాలను తెచ్చి పడమటి బాల్కనీలో, గోడకు ఏటవాలుగా, ఎండలో నిలబెట్టారు. అక్కణ్నుంచి తీసుకొచ్చి నేరుగా పరిచేశారు. డబ్బాలో ఒక మడత కాగితం ఉంటుంది. పలకలను పరిచే గదిలోనే పడుకోబెట్టి 48 గంటలు ఉంచాలనీ, గోడ వార 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదలాలనీ, 8 మీటర్లు దాటితే మధ్యలో విడగొట్టాలనీ అందులో ఉన్నది. ఆ కాగితం నేను చూసింది జులైలో, అటక మీది ఖాళీ అట్టపెట్టెలో. ఇంగ్లిషులో ఉన్నది, పక్కన బొమ్మలు. పరిచిన ఇద్దరు పిల్లలు బిహార్ వాళ్లు, హిందీ తప్ప ఇంకోటి చదవలేరు. ఇల్లుగలవాళ్లకు ఇంగ్లిషు బాగా వచ్చు, కానీ డబ్బా విప్పింది వాళ్లు కాదు.

మృగశిర వచ్చింది, తొలకరి పడింది. జూన్ మూడో వారంలో ఫోన్. "బాపూ, నేల ఊగుతున్నది" అన్నది బిడ్డ. కొత్త చెప్పులు కరవవా, నాలుగు రోజులైతే అలవాటైతది అన్నాను. వారం తిరక్కుండానే మళ్లీ ఫోన్. సోఫా ముందు కాలు పెడితే నేల దిగుతున్నది. పూజగది దగ్గర రెండు పలకల నడుమ గట్టు లేస్తున్నది. పడకగదిలో పలకల చివర్లు విడిపోయి సందు పడింది, మనవరాలు అందులో రూపాయి బిళ్లను నిలువుగా దూర్చి ఆడుకుంటున్నది.

దుకాణం వాళ్లను అడిగితే మొదట, "సెట్ అయితది సార్, రెండు నెలలు ఆగండి" అన్నారు. రెండోసారి అడిగితే, "తడిగుడ్డ పెట్టి ఉంటారు, వారంటీ రాదు" అన్నారు. చిక్కేమిటంటే రెండు మాటల్లోనూ పిసరంత నిజం ఉన్నది. కొత్తగా పరిచిన నేల కింద ఫోము మొదటి రెండు మూడు వారాలు మన బరువుకు అణుగుతుంది. నడిస్తే కొద్దిగా మెత్తగా ఉండటం, వేలితో కొడితే బోలుగా మోగడం ఈ రకం నేలకు సహజమే. తడిగుడ్డను పిండకుండా పెడితే అంచులు ఉబ్బుతాయన్నదీ నిజమే. కానీ గట్టు లేవడం, సందు పడటం ఎన్నటికీ సెట్ కావు. పైగా ఆగినకొద్దీ నష్టం. రోజుకు వంద సార్లు కాలు పడి ఆ నాలుక వంగుతూ ఉంటే ఏదో ఒక రోజు విరిగిపోతుంది. తర్వాత కింద ఎంత చదును చేసినా ఆ అతుకు పట్టదు.

జులై మొదట్లో నేనే వెళ్లాను. బాల్కనీ తలుపు దగ్గర వరస పలకల కొసలు ఒకచోట నొక్కితే ఇంకోచోట లేస్తున్నాయి. వడ్రంగం తెలిసినవాడికి కదిలేది కనిపిస్తే చేయి ఊరుకోదు. డ్రిల్లుతో టైలు దాకా బెజ్జం వేసి, ప్లగ్గులు పెట్టి, రెండంగుళాల స్క్రూలు రెండు బిగించాను. కదలిక ఆగిపోయింది. "మామయ్యా, మీరు ముందే రావాల్సింది" అన్నాడు అల్లుడు. నేనూ అదే అనుకున్నాను. చాయ్ తాగి వరంగల్ బస్సెక్కాను. పది రోజులకు పూజగది దగ్గర గట్టు, రెండు అగ్గిపుల్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తు లేచింది. దీపం పెట్టి వస్తూ వియ్యపురాలు దానికి తట్టుకుని తూలిందట. పడలేదు, మా అదృష్టం.

అప్పుడు కూడా నాకు వెలగలేదు. వెలిగింది మా ఇంటి తలుపు దగ్గర. మాది మా నాయన చేసిన టేకు పలకల తలుపు. వానాకాలం గడపకు ఒరుసుకుంటుంది, భుజం పెట్టి నెట్టాలి. పొద్దున అలా నెడుతూ పలక అంచు చూశాను. చట్రంలో తీసిన గాడిలో కూర్చున్న పలక, వేలితో కదిపితే సన్నగా కదిలింది. అరవై ఏళ్లుగా అట్లాగే కదులుతున్నది, అందుకే అరవై ఏళ్లుగా పగల్లేదు. పలక వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. గాడిలో దానికి జాగా వదలాలి, జిగురు పూయకూడదు. ప్రతి బ్యాచికీ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ని. పలకకు జిగురు పూసినవాడికి ఆ పనికి మార్కులు లేవు అనేవాణ్ని. ఆ తేలే నేల అంతా ఒక పెద్ద తలుపు పలక. దాని గాడి, గోడ అడుగున కొట్టే స్కర్టింగు పట్టీ కింది సందు. నేను ఆ పలకకు రెండు స్క్రూలు కొట్టి వచ్చాను.

మా నాయన కాలంలో ఎండాకాలం బండి చక్రాలు ఎండి వదులై ఇనుప పట్టా జారుతుంటే, బండిని తోలుకుపోయి చెరువులో దింపేవాళ్లు. రాత్రంతా నానితే కట్టె ఉబ్బి పట్టా బిగుసుకునేది. చక్రానికి ఆ బిగింపు కావాలి. నేలకు ఆ బిగింపే రోగం. చిన్నప్పుడు చెరువు గట్టు మీద కూర్చుని చూసిన పాఠం, డెబ్బై దగ్గర పడ్డాక తిరగేసి నేర్చుకున్నాను.

ఈసారి సరంజామాతో వెళ్లాను. రసమట్టం, ప్లాస్టరింగు చేసే మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చిన రెండు మీటర్ల అల్యూమినియం బద్ద, టార్చి, ఒక పోస్టు కార్డు, గాలిలో తేమ కొలిచే చిన్న మీటరు. పరిచిన పిల్లల్లో ఒకడికి ఫోన్ చేసి, ఆదివారం రా తమ్మీ, కూలి ఇస్తా అన్నాను. వచ్చాడు.

మొట్టమొదట నా స్క్రూలు రెండూ ఊడబీకాను. పూజగది గట్టు అప్పుడే పావు వంతు దిగింది. మా కళ్ల ముందే, చప్పుడు లేకుండా.

తర్వాత స్కర్టింగు తీశాం. పోస్టు కార్డును స్కర్టింగు కింద తోస్తే ఎక్కడా దూరలేదు. పలకల మీద అదిమిపెట్టి మేకులు కొట్టారు. స్కర్టింగు మేకు గోడకే కొట్టాలి, దాని అడుగుకూ పలకకూ మధ్య కార్డు మందం వదలాలి. స్కర్టింగు తీశాక అసలు బొమ్మ కనిపించింది. తూర్పు గోడ వార 15 మిల్లీమీటర్ల సందు. పడమటి వైపు సున్నా, పలక గోడను ముద్దు పెట్టుకుని ఉన్నది. ఒక మూల సందును ఎవరో, బహుశా రంగులు వేసినవాళ్లు, తెల్ల సిమెంటుతో పూడ్చారు. దర్వాజ చట్రాల చుట్టూ పలకను చెక్కి సందు లేకుండా ఎంత నీటుగా అతికించారంటే, చూస్తే మెచ్చుకోబుద్ధవుతుంది. ఆ నీటుదనమే కొంప ముంచింది. హాలు, నడవ, పడకగది కలిసి 11 మీటర్లు, మధ్యలో ఎక్కడా విడగొట్టలేదు. ఈ రకం పలక ఎండకూ వానకూ మధ్య మీటరుకు ఒక మిల్లీమీటరు దాకా సాగొచ్చని పనివాళ్ల లెక్క. 11 మీటర్లకు 11 మిల్లీమీటర్లు. ఒక పక్క దారి లేకపోతే అది ఎటు పోవాలి? పైకి లేస్తుంది.

పడకగదిలో సందు పడిన కారణం వేరు. అక్కడ నేల పరిచాక కార్పెంటరు వచ్చి గోడ పొడుగునా వార్డ్‌రోబ్ చేసి, దాన్ని పలకల మీదనే నిలబెట్టి, ఎల్ పట్టీలతో పలకల్లోంచి కింది టైలు దాకా స్క్రూలు బిగించాడు. ఆ పక్కనే తలుపు ఆపే అయస్కాంతం బిళ్ల, దానికీ రెండు స్క్రూలు. ఒక కొస అక్కడ కట్టుబడింది, ఇంకో కొస హాలులో గోడకు ఇరుక్కున్నది. తేమ మీటరు పెట్టి చూస్తే ఆ జులైలో హాలులో 78 శాతం. ఏసీ రాత్రంతా నడిచే పడకగదిలో 50. ఒకే చాపను హాలు ఉబ్బిస్తుంటే పడకగది ఎండబెడుతున్నది. ఎక్కడ అతుకు బలహీనంగా ఉంటే అక్కడ విడిపోతుంది. రూపాయి బిళ్ల దూరింది అక్కడే.

ఇక సోఫా ముందు దిగుబాటు. దీన్ని రెండు రకాలుగా చూడాలి. నేల గోడల మధ్య బిగిసినా మధ్యలో ఫోము మీది నుంచి లేచి ఊగుతుంది. అది వానాకాలం పెరిగి ఎండాకాలం తగ్గుతుంది, స్కర్టింగు తీసి ఇరుకు వదిలిస్తే సద్దుమణుగుతుంది. అట్లా కాకుండా ఎప్పుడూ అదే చోట, అదే లోతున దిగుతుంటే కింద గుంట ఉన్నట్టు. మాది రెండోది. పలకలు విప్పి టైల్స్ మీద బద్ద నిలబెట్టి, కింద టార్చి వేశాను. ఒకచోట వెలుతురు పోయింది. అక్కడ సందు కొలిస్తే 7 మిల్లీమీటర్లు. రెండు మీటర్ల బద్ద కింద 3 మిల్లీమీటర్లకు మించి ఎత్తుపల్లం ఉండకూడదని ఆ కాగితంలోనే రాసి ఉన్నది.

ఈ గుంట ఎక్కడిది? ఇది మన ఇళ్లకే సొంతమైన సంగతి, కంపెనీల పుస్తకాల్లో కనిపించదు. మనవాళ్లు షాబాద్ బండలు పరిచే రోజుల నుంచీ నేలకు వాటం ఇస్తారు. పండగకు ఇల్లు కడిగితే నీళ్లు తూము వైపు పోవాలి. ఆ ఫ్లాటులో టైల్స్ వేసిన మేస్త్రీ కూడా హాలు నుంచి బాల్కనీకి వాటం ఇచ్చాడు. తప్పు కాదు, ఆయన లెక్క ప్రకారం మంచి పనే. ఒకే తీరుగా వాలిన నేల మీద పలకలు బాగానే కూర్చుంటాయి కూడా. వాటం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ మారుతుందో, ఆ మడత దగ్గరే గండం. అక్కడ పలక ఈ కొస నుంచి ఆ కొసకు వంతెనలా నిలబడుతుంది. మనం నడిచేది ఆ వంతెన మీద. ఆ గుంటలో మా తమ్మి ఫోమును రెండు మడతలు పెట్టాడు. మంచి ఉద్దేశంతోనే పెట్టాడు, కానీ పరుపు ఎంత మందమైతే పలక అంత ఎక్కువ వంగుతుంది, నాలుక అంత తొందరగా విరుగుతుంది. ఫోముతో గుంట పూడదు.

ఎందుకు చదును చేయలేదని అడిగాను. "చాచా, లెవెలింగ్ కా పైసా కోయీ నహీ దేతా" అన్నాడు. చదును చేసినందుకు డబ్బులు ఎవరూ ఇవ్వరట. వాడికి కూలి చదరపు అడుగు లెక్కన. రోజుకు ఎన్ని అడుగులు పరిస్తే అన్ని డబ్బులు. రెండు మీటర్ల బద్ద పట్టుకుని గదంతా తిరిగి, గుంట పూడ్చి, అది ఆరేదాకా రెండు రోజులు కూర్చుంటే ఆ రెండు రోజులూ వాడికి పస్తు. దుకాణం కొటేషన్ తీసి చూశాను. పలకలు, ఫోము, స్కర్టింగు, కూలి, రవాణా అన్నీ ఉన్నాయి. చదును చేయడం అన్న వరసే లేదు. మా అల్లుడూ అడగలేదు, అంత చదువుకున్నవాడు. నన్ను అడిగినా ఆ రోజు నేనేం చెప్పేవాణ్నో నాకే అనుమానం.

మూడు ఆదివారాలు పట్టింది. పలకల వెనక పెన్సిలుతో నంబర్లు వేసుకుంటూ, పడమటి గోడ నుంచి వరసలు వరసలుగా విప్పుకుంటూ వచ్చాం. ఆరు పలకల నాలుకలు విరిగి ఉన్నాయి. మిగిలిపోయిన డబ్బా ఒకటి అటక మీద ఉండబట్టి బతికిపోయాం. అదే రంగు ఏడాది తర్వాత దొరుకుతుందన్న నమ్మకం లేదు, కాబట్టి ఎవరైనా ఒక డబ్బా దాచుకోవడం మంచిది. గుంటలో సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండు పోశాం. పలుచటి పిండిలా ఉంటుంది, పోస్తే దానంతట అదే పరుచుకుంటుంది. దాన్ని బాగా ఆరనిచ్చి, మళ్లీ బద్ద పెట్టి, టార్చి వేసి చూసి ముందుకు కదిలాం. పడమటి అంచున మల్టీ టూలుతో 10 మిల్లీమీటర్లు కోసేశాం. తెల్ల సిమెంటు ఉలితో రాల్చేశాం. దర్వాజ చట్రాలు టేకువి కాబట్టి, ఒక పలక ముక్కను బోర్లించి, దాని మీద రంపాన్ని పడుకోబెట్టి చట్రం అడుగును కోశాం. పలక ఇప్పుడు చట్రం కిందికి దూరి ఉంటుంది, సందు బయటికి కనిపించదు. చట్రం గ్రానైటుదైతే ఈ పని కుదరదు, సందు వదిలి పైన పట్టీ వేసుకోవాల్సిందే. పడకగదుల గడపల దగ్గర నేలను విడగొట్టి మధ్యలో టీ (T) ఆకారం పట్టీ పెట్టాం. ఆ పట్టీ స్క్రూ సందులోంచి కింది టైలుకే దిగాలి, ఏ పక్క పలకకూ తగలకూడదు. తమ్మి మొదటి పట్టీని అలవాటు కొద్దీ పలకలోంచే బిగించబోయాడు. చేయి పట్టుకుని ఆపాను. ఆపే అర్హత నాకు ఉన్నదా అని లోపల నవ్వు వచ్చింది.

వార్డ్‌రోబ్‌ను కదిలించే ఓపిక ఎవరికీ లేదు. దాని పాదం చుట్టూ నేలనే కోసి వేరు చేశాం. ఇప్పుడది తన కింద ఇరుక్కున్న పలకల మీద తను నిలబడి ఉన్నది, గదిలో నేల దాని ముందు వరకు వచ్చి ఆగిపోతుంది. ఆ గీత మీద స్కర్టింగు కప్పింది. కొత్తగా కట్టుకునేవాళ్లు ముందు వార్డ్‌రోబ్, తర్వాత నేల అని పెట్టుకుంటే ఈ కోత తప్పుతుంది.

రూపాయి బిళ్ల సందు మూసిన పద్ధతి చెప్పి తీరాలి, ఎందుకంటే నాకు బాగా నచ్చింది అదే. అద్దాలు అమర్చేవాళ్ల దగ్గర రబ్బరు సక్షన్ కప్పు ఉంటుంది. తమ్మి ఎక్కడి నుంచో ఒకటి పట్టుకొచ్చాడు. పలక మీద దాన్ని అంటించి, దాని పక్కకు కొయ్య సుత్తితో చిన్నగా తట్టాడు. మొదటి నాలుగు దెబ్బలకు ఏమీ కాలేదు. అయిదో దెబ్బకు పలక వెంట్రుకవాసి జరిగింది. మనవరాలు నేల మీద బోర్లా పడుకుని, సందుకు కన్ను ఆనించి, "తాతా, వస్తున్నది, వస్తున్నది" అని లెక్కపెడుతున్నది. పదకొండో పన్నెండో దెబ్బకు టక్ అన్నది. రూపాయి బిళ్ల పైనే మిగిలింది. ఆ సందు ఎందుకు పడిందో కనుక్కోకుండా, స్క్రూలు తీయకుండా ఇదే పని ముందే చేసి ఉంటే మాత్రం నెలకు మళ్లీ విడిపోయేది.

ఇది జరిగి ఏడాది తిరిగింది. స్కర్టింగు పెట్టే ముందు ఒక మూల గోడ మీద ఒకటి, పలక మీద ఒకటి టేపు ముక్కలు అంటించి పెన్సిలు గీతలు గీశాను. అక్కడ స్కర్టింగు ముక్క ఊడదీసి చూసుకునేలా పెట్టాను. నెలకోసారి బిడ్డ ఫోటో పంపుతుంది. మొన్న మే నెలలో మధ్యాహ్నం తేమ మీటరు 26 చూపించింది. పెన్సిలు గీత జులై నాటి చోటు నుంచి 4 మిల్లీమీటర్లు వెనక్కి పోయింది. మళ్లీ వానలు పడ్డాక ముందుకొచ్చింది. నేల కదులుతూనే ఉన్నది. పైన నడిచేవాళ్లకు తెలియడం లేదు, అంతే. చాలా కంపెనీలు గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంచమంటాయి. మన ఇళ్లలో అది ఏడాదిలో ఎన్ని నెలలు ఉంటుందో మీరే చూసుకోండి. గాలిలోని తేమను బట్టి దేశాన్ని నాలుగు మండలాలుగా విడదీసి, ఎక్కడి కలపలో ఎంత తేమ ఉండొచ్చో చెప్పే ఐ.ఎస్. 287 అనే ప్రమాణం ఉన్నది. దాన్ని నేనే క్లాసులో చెప్పేవాణ్ని. తలుపులకు, బల్లలకు చెప్పాను. నేలకు చెప్పడం నాకు తోచలేదు.

నీళ్లకు ఉబ్బదని ఈమధ్య ఎస్పీసీ అనే రాతిపొడి, ప్లాస్టిక్ పలకలు అమ్ముతున్నారు. తడి విషయంలో అది మెరుగే. కానీ పడమటి ఎండ అద్దంలోంచి నేరుగా పడితే అదీ సాగుతుంది, దానికీ గోడ వార సందు కావాలి. నేలమీది అంతస్తులో, కొత్త కాంక్రీటు మీద పరిచేవాళ్లకు ఇంకో జాగ్రత్త ఉన్నది. మూరెడు ప్లాస్టిక్ షీటు చుట్టూ టేపు వేసి ఒక రోజు వదిలేస్తే, అడుగున చెమట పడితే కాంక్రీటు ఇంకా ఆరలేదని గుర్తు. ఆరాక కూడా ఫోము కింద 200 మైక్రాన్ల పాలిథీన్ పరవకుండా పలకలు వేయకూడదు. మాది మూడో అంతస్తు, కింద టైల్స్ ఉన్నాయి, ఆ బాధ తప్పింది.

దుకాణం వాళ్ల మీద కోపం నాకు లేదనను. 1915కు ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెడదామని అల్లుడు అన్నాడు, రసీదులు కూడా తీసి పెట్టాడు. వార్డ్‌రోబ్ స్క్రూలు మా కార్పెంటరువి, బాల్కనీ స్క్రూలు నావి, ఏ మొహం పెట్టుకుని పెడతాం అని నేనే ఆపాను. సగం తప్పు వాళ్లది, సగం మాది. నేను అడిగేది చిన్నది. ఆ డబ్బాలో మడత కాగితం తెలుగులోనూ హిందీలోనూ ఉండాలి. దాన్ని డబ్బా విప్పక ముందే ఇల్లుగలవాళ్ల చేతికివ్వాలి. కొటేషన్‌లో చదును చేయడానికి వేరే వరస, దానికి వేరే ధర ఉండాలి. ఆ డబ్బు తమ్మి చేతికి పోవాలి. మీ పేజీలో ఫ్లోరింగు ప్రకటనలు ఆదివారం ఆదివారం చూస్తూనే ఉన్నాను, కాబట్టి ఆ అమ్మేవాళ్లు మీ పత్రిక చదువుతారనే అనుకుంటున్నాను.

ఉత్తరం పొడుగైంది. మీకు జాగా చాలకపోతే ఎక్కడైనా కత్తిరించుకోండి, గోడ వార 10 మిల్లీమీటర్ల సందు మాట ఒక్కటి మాత్రం ఉండనివ్వండి.

నేను స్క్రూలు కొట్టిన రెండు పలకలూ మార్చలేదు. దాచిన డబ్బాలోవి విరిగిన నాలుకలకే సరిపోయాయి. ఆ బెజ్జాల్లో మైనం నింపాం గానీ రంగు కలవలేదు, దూరం నుంచే కనిపిస్తున్నాయి. అల్లుడు మర్యాదస్తుడు, వాటి మీద కాళ్లు తుడుచుకునే పట్టా వేశాడు. మనవరాలు మాత్రం ఇంటికి ఎవరొచ్చినా పట్టా పైకెత్తి చూపిస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
వరంగల్